ఫ్రీస్టైల్‌లో కాళ్ల గొడవ ఎప్పటిది?

బోర్లా తేలుతూ చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేసే ఈత ఫ్రీస్టైల్. దాన్ని కొత్తగా నేర్చుకునేవాళ్లలో ఎక్కువమందిది ఒకటే బాధ. చేతులు విడిగా బాగానే ఆడతాయి, నీటిపై తేలే పలక పట్టుకుని కాళ్లు కొట్టమంటే అవీ బాగానే ఆడతాయి, రెండూ కలిపేసరికి లయ తప్పుతుంది. ఒక కోచ్ ఒక్కో చేతికి మూడేసి కిక్‌లు లెక్కపెట్టుకోమంటాడు, ఇంకో కోచ్ అసలు కాళ్ల సంగతి పక్కన పెట్టమంటాడు. నిజానికి ఇద్దరూ తప్పు చెప్పడం లేదు, కాకపోతే ఒకరు చెప్పేది వంద మీటర్ల ఈత, ఇంకొకరు చెప్పేది పదిహేను వందల మీటర్ల ఈత. అసలు ఈ రెండు దారులు ఎక్కడ విడిపోయాయో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

1844లో లండన్‌లో ఉత్తర అమెరికా ఒజిబ్వే తెగవాళ్లు ఇద్దరు పోటీపడి ఈదారు. ఫ్లయింగ్ గల్ అనే అతను 130 అడుగులు 30 సెకన్లలో దాటి గెలిచాడు. చేతులు గాలిమర రెక్కల్లా తిప్పుతున్నారనీ, కాళ్లతో నీళ్లను కిందికి బాదుతున్నారనీ అప్పటి పత్రిక రాసింది, అదీ మెచ్చుకోలుగా కాదు. కప్పలా ఈదే బ్రెస్ట్‌స్ట్రోక్‌కి అలవాటుపడ్డ ఇంగ్లండ్‌కి అది మోటు ఈతలా కనిపించింది. కళ్లముందే అంత వేగం చూసి కూడా వద్దనుకున్నారంటే, మర్యాద పిచ్చి ఎంతపని చేస్తుందో!

తర్వాత 1873లో జాన్ ట్రడ్జన్ అనే ఇంగ్లిష్ ఈతగాడు దక్షిణ అమెరికాలో చూసి నేర్చుకున్న పద్ధతిని లండన్‌లో చూపించాడు. రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి నీటి పైనుంచి ముందుకు వేయడం ఇందులో కొత్త, కాళ్లు మాత్రం పాత పద్ధతిలోనే కత్తెరలా విప్పి మూయడం. రెండు చేతుల వాటుకీ కలిపి ఒక్క కత్తెర కిక్. అది పడినప్పుడు ఒళ్లు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, మళ్లీ కాళ్లు విప్పేటప్పుడు నీళ్లు అడ్డుకుని ఆ వేగం కాస్తా పోతుంది. చేతులు ఆగకుండా లాగుతుంటే కాళ్లు బ్రేకులు వేస్తున్నాయన్నమాట. ఇప్పటికీ కొత్తవాళ్లు చాలామంది ఊపిరి కోసం పక్కకి తిరిగిన ప్రతిసారీ కాళ్లు కత్తెరలా విప్పేస్తారు, అంటే తెలియకుండానే 1873లోకి వెళ్లిపోతారు.

ఆ బ్రేకుల సంగతి పట్టుకున్నది సిడ్నీవాళ్లు. అక్కడ కావిల్ కుటుంబం అంటే ఇంటిల్లిపాదీ ఈతగాళ్లే. ఆ అన్నదమ్ముల్లో టమ్స్ అని పిలిచే ఆర్థర్ కావిల్ కాళ్లు కట్టేసుకుని పందెం ఈది గెలిచాడని చెప్పుకుంటారు. కథ కాస్త పెంచి చెప్పి ఉండొచ్చు కానీ అందులోంచి వచ్చిన ప్రశ్న మాత్రం గట్టిది: కాళ్లు కట్టేసుకున్నా వేగం పెద్దగా తగ్గకపోతే, ఇన్నాళ్లూ ఆ కత్తెర చేసిందేమిటి? అదే రోజుల్లో సోలమన్ దీవుల నుంచి సిడ్నీకి వచ్చిన ఆలిక్ విక్‌హామ్ అనే కుర్రాడు కాళ్లు పైకీ కిందికీ ఆడిస్తూ ఈదుతుంటే అందరూ నోరెళ్లబెట్టారు. ఇద్దరి నుంచీ వచ్చింది కలిపితే క్రాల్, ఇప్పుడు మనం ఫ్రీస్టైల్ పేరుతో ఈదేది ఇదే. రిచ్మండ్ కావిల్ 1902లో ఇంగ్లండ్ వెళ్లి దీనితోనే 100 గజాలు నిమిషం లోపు ఈదాడు. అతని కిక్ ఒక్కో చేతికి ఒక్కటే, రెండు చేతుల వాటుకి రెండు, అంటే ఇప్పుడు మనం టూ-బీట్ అంటున్నదానికి ముత్తాత.

అమెరికాకి వెళ్లాక లెక్క మారింది. అక్కడి ఈతగాడు చార్లెస్ డేనియల్స్, న్యూయార్క్ కోచ్‌లు కలిసి కాళ్లను ఆగకుండా ఆడించడం మొదలుపెట్టారు, రెండు చేతుల వాటుకి ఆరు కిక్‌ల దాకా తెచ్చారు, అదే సిక్స్-బీట్. డేనియల్స్ 1908 లండన్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు గెలిచాడు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో అదే పందెం గెలిచిన హవాయి ఈతగాడు డ్యూక్ కహనమోకు, 1922లో 100 మీటర్లను 58.6 సెకన్లలో ఈది తొలిసారి నిమిషం గోడ కూల్చిన జానీ వైస్‌ముల్లర్, ఇద్దరిదీ సిక్స్-బీటే. ఇక చూసుకోండి, ఈత నేర్పేవాళ్లందరికీ అదే వేదం అయిపోయింది. నా దృష్టిలో తిరకాసు మొదలైంది ఇక్కడే. వాళ్లు నిమిషంలో పని ముగించే ఈతగాళ్లు. వాళ్ల కాళ్ల లెక్కను తెచ్చి, కొలను ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు ఈదితేనే ఆయాసపడేవాళ్ల నెత్తిన పెట్టాం.

తొడ కండరాలు పెద్దవి, ఆక్సిజన్ తెగ తాగేస్తాయి. ఆ ఖర్చుకి తగ్గ తోపుడు కిక్‌లో రాదు, ఫ్రీస్టైల్‌లో ఒంటిని ముందుకు లాగేది ప్రధానంగా చేతులే. దూరం ఈదేవాళ్లకి ఇది బాగా తెలుసు. 1970ల మొదట్లో ఆస్ట్రేలియా అమ్మాయి షేన్ గూల్డ్ 100 నుంచి 1500 మీటర్ల దాకా మహిళల ఫ్రీస్టైల్ ప్రపంచ రికార్డులన్నీ ఒకేసారి తన పేరు మీద పెట్టుకుంది, కిక్ టూ-బీట్. అమెరికా అమ్మాయి జానెట్ ఎవాన్స్ 1989లో పెట్టిన 800 మీటర్ల రికార్డు 2008 దాకా కదల్లేదు, ఆమెదీ టూ-బీటే. అలాగని సిక్స్-బీట్ దూరానికి పనికిరాదనీ కాదు, ఆస్ట్రేలియా ఈతగాడు ఇయాన్ థోర్ప్ 400 మీటర్లు దానితోనే ఈదేశాడు. కాకపోతే అతని పాదాల సైజు, చీలమండల వంపు అందరికీ ఉండవు.

కాళ్లు ఎక్కువ తోయకపోతే మరి ఎందుకు కొట్టాలి? తుంటి కోసం. కుడి చేయి నీళ్లలో దిగి ముందుకు సాగుతున్నప్పుడు ఎడమ కాలు కిందికి కొడితే ఎడమ తుంటి పైకి లేస్తుంది, ఒళ్లు కుడి పక్కకి వాలుతుంది, కుడి చేయి ఇంకాస్త ముందుకు అందుతుంది, సరిగ్గా అప్పుడే ఎడమ చేయి వెనక్కి లాగడం పూర్తి చేసుకుంటుంది. తర్వాత ఎడమ చేయి, కుడి కాలు. టూ-బీట్ అంటే ఇంతే.

సిక్స్-బీట్‌ని నెమ్మదిగా తిప్పిన వీడియోలో చూడండి, ఇదే జత అందులోనూ దొరుకుతుంది. చేయి దిగే క్షణానికి ఎదురు కాలు పడటం అక్కడా మారదు, మధ్యలో మిగిలిన నాలుగు కిక్‌లు కాళ్లు మునగకుండా చూస్తూ కాస్త తోపుడు కలుపుతాయి. అందుకే ఆరు లెక్కపెడుతూ తికమకపడేవాళ్లు ముందు ఆ రెండింటినీ సరిచేసుకుంటే చాలు. చేతులు వేగం పెంచినప్పుడు మిగతా నాలుగూ చిన్నగా వాటంతటవే మధ్యలోకి వచ్చి చేరతాయి, చేరకపోయినా మెల్లగా కిలోమీటరు ఈదడానికి అడ్డేమీ లేదు.