లినక్స్‌లో కీబోర్డు లేఅవుట్ నిలవడం లేదా? అపోహలు - వాస్తవాలు

చిన్న ప్రచురణ సంస్థలకు, ఇంటి నుంచి పనిచేసే అనువాదకులకు లినక్స్ కంప్యూటర్లు అమర్చి వాటి బాగోగులు చూడటం నా పని. తెలుగు లేఅవుట్ (ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలన్న అమరిక) పెట్టుకున్న కాసేపటికో, మళ్లీ లాగిన్ అయ్యాకో అది అమెరికన్ ఇంగ్లిష్‌కు తిరిగిపోతోందని నాకు తరచూ ఫోన్లు వస్తుంటాయి. ఫోన్ చేసేవారిలో ఎక్కువమంది అప్పటికే ఎవరెవరో చెప్పిన కమాండ్లన్నీ ఇచ్చి చూసి, విసిగిపోయి, "ఫార్మాట్ కొట్టేయమంటారా?" అని అడుగుతారు. ఫార్మాట్ అవసరం లేదు. లేఅవుట్‌ను మార్చేస్తున్న ప్రోగ్రామ్ ఏదో తెలుసుకుని, దాని సెట్టింగుల్లోనే సరిచేస్తే సరిపోతుంది. అది తెలియకుండా అడ్డుపడుతున్న అపోహ ఒకటుంది కాబట్టి ముందుగా, వివరంగా దాని గురించే చెబుతాను.

అపోహ: లేఅవుట్ మార్చే సెట్ఎక్స్‌కేబీమ్యాప్ కమాండ్‌ను స్టార్టప్‌లో పెడితే లేఅవుట్ శాశ్వతంగా నిలిచిపోతుంది.

వాస్తవం: ఆ కమాండ్ డిస్కు మీద ఏ ఫైలులోనూ ఒక్క అక్షరమైనా రాయదు. అప్పుడు నడుస్తున్న ఎక్స్ సర్వర్ (తెరను, కీబోర్డును నడిపే ప్రోగ్రామ్) మెమరీలోని కీమ్యాప్‌ను, అదీ ఆ క్షణానికి తగిలించి ఉన్న కీబోర్డులకు మాత్రమే మారుస్తుంది. లాగౌట్ అయితే ఆ మార్పు పోతుంది. లాగిన్ కాగానే స్టార్టప్ స్క్రిప్టు దాన్ని మళ్లీ ఇస్తుంది కదా అంటారు. ఇస్తుంది, నిజమే, కానీ ఆ తరువాత మొదలయ్యే మరో ప్రోగ్రామ్ తన లేఅవుట్‌ను తెచ్చి పెడితే మీ స్క్రిప్టుకు ఆ సంగతే తెలియదు. లేఅవుట్‌ను నిర్ణయించే భాగాలు మామూలు డెస్క్‌టాప్‌లో కనీసం మూడుంటాయి: సిస్టమ్ మొత్తానికి వర్తించే ఫైలు ఒకటి, గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి డెస్క్‌టాప్‌ల సొంత సెట్టింగులు ఒకటి, ఐబస్, ఎఫ్‌సిటిఎక్స్ వంటి ఇన్‌పుట్ మెథడ్ (వివిధ భాషల టైపింగ్‌ను చూసుకునే ప్రోగ్రామ్) మరొకటి. వీటిలో ఎవరు చివర మాట్లాడితే వారి మాటే చెల్లుతుంది. ఇదంతా తెలియక జనం ఆ కమాండుకు ముందు అయిదు సెకన్ల విరామం పెడతారు, అది చాలకపోతే పదిహేను పెడతారు, ఒకరోజు పనిచేసి మరుసటి రోజు పనిచేయకపోతే లినక్స్‌నే నిందిస్తారు. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాసుకోవడం ఇది.

హనుమకొండలో అనువాదాలు చేసుకునే ఒకావిడ ఇలాగే ఫోన్ చేశారు. "సార్, వంటగదిలోకి వెళ్లి వచ్చేసరికి లేఅవుట్ మారిపోతోంది, ఎవరైనా నా సిస్టమ్‌లోకి దూరారంటారా?" అని అడిగినప్పుడు ఆమె గొంతులో నిజమైన భయం ఉంది. బ్యాంకు పనులు కూడా ఆ కంప్యూటర్లోనే చేసుకుంటారు కాబట్టి ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. వెళ్లి చూస్తే లాగిన్ స్క్రిప్టులో ఒకే కమాండ్ ఒకదాని కింద ఒకటిగా, ఒక్కోసారి ఒక్కో విరామంతో పేర్చి ఉంది. నేను టెర్మినల్‌లో కెర్నెల్ లాగ్ (పరికరాలు తగిలినా ఊడినా లినక్స్ రాసుకునే చిట్టా) తెరిచి పెట్టి, ఆమెను ఎప్పటిలాగే పనిచేసుకోమన్నాను. కాసేపటికి ఆమె కాలు సర్దుకోగానే లాగ్‌లో యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అని ఒక వరుస, దాని వెంటే కొత్త పరికరం సంఖ్యతో అదే కీబోర్డు పేరు వచ్చాయి. బల్ల కింద వేలాడుతున్న యూఎస్‌బీ హబ్ వైరు కాలికి తగిలి వదులవుతోంది. ఊడి మళ్లీ తగిలిన కీబోర్డు ఎక్స్ సర్వర్‌కు కొత్త కీబోర్డే. కొత్తదానికి అది సిస్టమ్ ఫైలులో ఉన్న లేఅవుట్‌నే ఇస్తుంది, లాగిన్ సమయంలో ఇచ్చిన కమాండ్ దానికి వర్తించదు. ఆమె సిస్టమ్ ఫైలులో ఉన్నది అమెరికన్ లేఅవుట్ ఒక్కటే. డెస్క్‌టాప్ సెట్టింగుల్లోనేమో సిస్టమ్ డిఫాల్ట్‌నే వాడాలన్న గడికి టిక్ పెట్టి ఉంది. హబ్ మార్చి, స్క్రిప్టులోని వరుసలన్నీ తీసేసి, సిస్టమ్ ఫైలును సరిదిద్దాక ఆ సమస్య మళ్లీ రాలేదు.

డెబియన్, ఉబుంటు కుటుంబంలో ఆ ఫైలు ఈటీసీ ఫోల్డర్ కింద డిఫాల్ట్ అనే ఫోల్డర్‌లో కీబోర్డ్ అనే పేరుతో ఉంటుంది. ఫెడోరా, ఆర్చ్ వంటి వాటిలో లొకేల్‌సీటీఎల్ కమాండ్ ద్వారా ఎక్స్11 కీమ్యాప్ పెడితే తగిన ఫైలును అదే రాసిపెడుతుంది. ఇక్కడ తెలుగువారు తరచూ పొరబడే చోటు ఒకటుంది. తెలుగుకు విడిగా లేఅవుట్ కోడ్ లేదు. 'ఐఎన్' అనే భారతీయ లేఅవుట్‌లో 'టీఈఎల్' అనేది ఒక వేరియంట్. వేరియంట్ రాయకుండా 'ఐఎన్' అని మాత్రమే రాస్తే దేవనాగరి అక్షరాలు వస్తాయి. ఇంగ్లిష్, తెలుగు రెండూ కావాలంటే లేఅవుట్ వరుసలో 'యూఎస్' రాసి, కామా పెట్టి, 'ఐఎన్' రాస్తారు. వేరియంట్ వరుసలో మాత్రం ముందు కామా పెట్టి, ఆ తరువాత 'టీఈఎల్' రాయాలి, ఎందుకంటే మొదటి లేఅవుట్‌కు వేరియంట్ లేదని చెప్పేది ఆ ముందున్న కామానే. అది లేకపోతే తెలుగు వేరియంట్ అమెరికన్ లేఅవుట్‌కు అంటుకుంటుంది, అలాంటిది లేదు కాబట్టి మొత్తం అమరిక విఫలమవుతుంది. ఫైలు మార్చాక ఒకసారి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి చూడండి, డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసినవారు మాత్రం ముందు చివరి పేరా చదవండి.

లాగిన్ అయిన కొద్ది సెకన్లకు, మీరేమీ ముట్టుకోకుండానే లేఅవుట్ మారిపోతుంటే మొదట అనుమానించాల్సింది ఐబస్‌ను. దాని జాబితాలో అమెరికన్ ఇంగ్లిష్ ఒక్కటే ఉంటే, మొదలవుతూనే దాన్ని తెచ్చి కూర్చోబెడుతుంది. ఐబస్ ప్రిఫరెన్సుల్లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ తెరిస్తే సిస్టమ్ కీబోర్డు లేఅవుట్‌నే వాడాలి అన్న గడి కనిపిస్తుంది. దానికి టిక్ పెట్టండి, లేదా మీకు కావలసిన లేఅవుట్‌ను ఐబస్ జాబితాలోనే చేర్చండి. ఎఫ్‌సిటిఎక్స్5 వాడేవారు యాడాన్ల జాబితాలో ఎక్స్‌సీబీ అన్నదాన్ని తెరిచి, సిస్టమ్ ఎక్స్‌కేబీ (అంటే కీబోర్డు లేఅవుట్) సెట్టింగులను మార్చేందుకు అనుమతించే టిక్‌ను తీసేయాలి.

గ్నోమ్ వాడేవారికి నా సలహా ఒక్కటే: సెట్టింగుల్లో కీబోర్డు పేజీలోని ఇన్‌పుట్ సోర్సెస్ జాబితా తప్ప మరెక్కడా చేయి పెట్టవద్దు. గ్నోమ్ ఆ జాబితానే ప్రమాణంగా తీసుకుంటుంది కాబట్టి కమాండ్ ద్వారా మీరు తెచ్చిన మార్పును నిలవనివ్వదు. ఒక్కో విండోకు ఒక్కో లేఅవుట్ గుర్తుపెట్టుకునే ఎంపిక కూడా అదే పేజీలో ఉంది. అది ఆన్ అయి ఉంటే విండో మారినప్పుడల్లా లేఅవుట్ మారుతుంది, దాన్ని చూసి లేఅవుట్ నిలవడం లేదని కంగారుపడేవారు నాకు చాలామంది తారసపడ్డారు. కేడీఈలో లేఅవుట్లను కాన్ఫిగర్ చేయాలన్న గడికి, ఎక్స్‌ఎఫ్‌సీఈలో సిస్టమ్ డిఫాల్ట్ అన్న గడికి టిక్ ఉందో లేదో చూస్తే అక్కడ నిర్ణయం డెస్క్‌టాప్‌దా, సిస్టమ్ ఫైలుదా అన్నది తేలిపోతుంది.

అపోహ: ఎక్స్ సర్వర్ స్థానంలో వేలాండ్ వచ్చాకే ఈ గొడవంతా మొదలైంది, పాత ఎక్స్ సెషన్‌కు వెళ్లిపోవాలి.

వాస్తవం: పైన చెప్పిన అనువాదకురాలు వాడేది ఎక్స్ సెషనే. వేలాండ్‌లో లేఅవుట్‌ను నిర్ణయించేది కంపోజిటర్, అంటే గ్నోమ్‌లోనో కేడీఈలోనో ఉండే భాగమే. సెట్ఎక్స్‌కేబీమ్యాప్ ఇస్తే అది ఎక్స్‌వేలాండ్ ద్వారా నడిచే పాత ప్రోగ్రాములనే తాకుతుంది. ఆ కమాండే తాను ఎక్స్‌వేలాండ్ సర్వర్ మీద నడుస్తున్నానని హెచ్చరిక కూడా చూపిస్తుంది, దాన్ని ఎవరూ చదవరు. మీది ఏ సెషనో గ్నోమ్ సెట్టింగుల్లోని సిస్టమ్ వివరాల్లో విండోయింగ్ సిస్టమ్ అన్నచోట తెలుస్తుంది. ఫెడోరా 2016 నుంచి, ఉబుంటు 21.04 నుంచి వేలాండ్‌నే డిఫాల్ట్‌గా ఇస్తున్నాయి. కొత్త గ్నోమ్ ఎక్స్ సెషన్‌ను పక్కన పెడుతోంది కూడా, కాబట్టి వెనక్కు వెళ్లే దారి వెతకడం వృథా శ్రమ.

మిగిలినవాటిని త్వరగా చెప్పేస్తాను. లేఅవుట్ మారడం వైరస్ లక్షణమన్నది వట్టి పుకారు. ఎవరో ఒకరు భయపెట్టి యాంటీవైరస్ కొనిపించే ముందు ఐబస్‌ను చూడండి. కీబోర్డు పాడైతే మీటలు పనిచేయవు, అంతేకానీ లేఅవుట్ మారదు. కాకపోతే వదులైన వైరు మాత్రం, ఇందాక చెప్పినట్టు, మార్చగలదు. బాష్ఆర్‌సీ ఫైలు టెర్మినల్ తెరిచినప్పుడు చదివేది, లాగిన్‌కు దానితో పని లేదు. ఎక్స్‌మోడ్‌మ్యాప్‌తో మీటలు మార్చుకున్నవారికి లేఅవుట్ మారినప్పుడల్లా ఆ మార్పులు పోతాయి, కాబట్టి క్యాప్స్‌లాక్‌ను కంట్రోల్‌గా మార్చడం వంటివాటికి ఎక్స్‌కేబీ ఆప్షన్లనే వాడండి. సిస్టమ్ భాషను తెలుగుకు మార్చితే మెనూలు తెలుగులో వస్తాయి, లేఅవుట్ రాదు.

పాస్‌వర్డ్ తప్పని వస్తోందని కంగారుపడే వారికి కూడా ఒక మాట. లాగిన్ తెర మీ సొంత డెస్క్‌టాప్ సెట్టింగులను చదవదు, సిస్టమ్ లేఅవుట్‌ను చదువుతుంది. అందుకే నిన్నటిదాకా పనిచేసిన పాస్‌వర్డ్ ఒక్కసారిగా తప్పయినట్టు కనిపించవచ్చు. పాస్‌వర్డ్ గడిలో కన్ను గుర్తు ఉంటే దాన్ని నొక్కి, ఏ అక్షరాలు పడుతున్నాయో చూసుకోండి. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసినవారు మరింత జాగ్రత్త పడాలి, ఎందుకంటే బూట్ సమయంలో ఆ పాస్‌ఫ్రేజ్ అడిగే తెర డెస్క్‌టాప్ కంటే ముందే, ఇనిట్‌రామ్ఎఫ్ఎస్‌లో (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్ సిస్టమ్‌లో) ఉన్న కీమ్యాప్‌తో వస్తుంది. సిస్టమ్ ఫైలులో ఎప్పుడూ 'యూఎస్'నే మొదట ఉంచండి. డెబియన్, ఉబుంటులలో ఆ ఫైలు మార్చాక ఇనిట్‌రామ్ఎఫ్ఎస్‌ను అప్‌డేట్ చేసి, పాస్‌ఫ్రేజ్‌లోని ప్రతి గుర్తూ మొదటి లేఅవుట్‌లో ఏ మీట మీద ఉందో ఒకసారి సరిచూసుకున్నాకే రీస్టార్ట్ చేయండి.