గోల్డెన్ గేట్ వంతెన ఫొటోలు: అపోహలు - వాస్తవాలు

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ప్రకృతి దృశ్యాల ఫొటోగ్రఫీ నేర్పుతుంటాను. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు గోల్డెన్ గేట్ ముందు మంచి ఫొటో తీయాలని వచ్చే మనవాళ్లు చాలామంది ఈ నమ్మకాలతోనే వస్తారు.

అపోహ: వేసవిలో వెళితే వంతెన స్పష్టంగా కనిపిస్తుంది.

వాస్తవం: ఇక్కడ జూలై, ఆగస్టు అంటే పొగమంచు కాలం. గాలులు తీరం వెంట పైనీటిని పక్కకు నెట్టేయడంతో సముద్రం అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. దాని మీదుగా వచ్చే తేమగాలి చల్లబడి పొగమంచుగా మారుతుంది. అటు లోతట్టున ఉన్న సెంట్రల్ వ్యాలీ అనే పెద్ద లోయ ఎండకు కాగిపోతుంటుంది కాబట్టి, ఈ చల్లగాలి కొండల మధ్య దారి వెతుక్కుంటూ వంతెన మీదుగా లోపలికి దూసుకొస్తుంది. బే తూర్పు వైపున ఉన్న ఫ్రీమాంట్ ఊళ్లో చెమటలు కక్కే రోజున కూడా ఇక్కడ స్వెటర్ లేకపోతే అమ్మానాన్నలు వణికిపోతారు. నిర్మలమైన ఆకాశమే కావాలంటే సెప్టెంబరు, అక్టోబరులో రండి.

నన్నడిగితే మాత్రం పొగమంచే కావాలంటాను. టవర్లు నీటి మట్టానికి 227 మీటర్ల ఎత్తున ఉంటాయి. మంచు పొర అంతకంటే కిందే ఆగితే టవర్ల కొనలు పైకి తేలతాయి, వంతెనకు ఉత్తరాన ఉన్న హాక్ హిల్ కొండ మీద నుంచి చూడాలి ఆ దృశ్యం! పొర మందంగా ఉంటే మీరూ అందులోనే మునిగిపోతారు, తెల్లదనం తప్ప ఏమీ దొరకదు. చలికాలం కొన్ని ఉదయాల్లో లోయ వైపు నుంచి వచ్చే పలుచని మంచు నీటిని ఆనుకుని పాకుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

అపోహ: వంతెన రంగు ఎరుపు. ఫొటోలో నారింజగా వస్తే సరిదిద్దాలి.

వాస్తవం: దాని రంగు పేరే ఇంటర్నేషనల్ ఆరెంజ్. ఉక్కుకు వేసిన తొలి పూత రంగు చూసి ముచ్చటపడిన వాస్తుశిల్పి ఇర్వింగ్ మారో అలాంటి రంగునే ఎంచుకున్నారు. నౌకాదళమైతే నలుపు, పసుపు చారలు వేయమంది. బతికిపోయాం! కెమెరా రంగులను ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లుగా నమోదు చేస్తుంది; సాయంత్రపు ఎండలో ముందుగా హద్దు దాటేది ఎరుపు చానెల్. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎలా పడిందో చూపే గ్రాఫ్) బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, టవర్ మీది రివెట్ల వరుసలు చెరిగిపోయి ఒకే రంగు ముద్ద మిగులుతుంది. ఎరుపు హిస్టోగ్రామ్ విడిగా చూసి, వెలుగు కాస్త తగ్గించి తీయండి.

అపోహ: సాయంత్రం ఎక్కడ నిలబడి తీసినా ఒకటే.

వాస్తవం: వంతెన దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. తూర్పున ఉన్న క్రిస్సీ ఫీల్డ్ నుంచి సాయంత్రం తీస్తే నల్లని ఆకృతి మాత్రమే వస్తుంది. అక్కడికి ఉదయం వెళ్లాలి. పెద్దవాళ్లు నడవడానికీ చదునైన చోటు అదే. సాయంత్రపు ఎండ టవర్ల మీద పడాలంటే పడమటి వైపున ఉన్న బేకర్ బీచ్‌కో, మార్షల్స్ బీచ్‌కో వెళ్లండి. రెండోదానికి మెట్లెక్కువ, మోకాళ్ల నొప్పులుంటే వద్దు. నీళ్లకు వీపు పెట్టి ఫొటోలకు నిలబడవద్దు, ఉన్నట్టుండి పెద్ద అల మీద పడవచ్చు.

అపోహ: వంతెన మీదే ట్రైపాడ్ పెడితే రాత్రి ఫొటోలు బాగా వస్తాయి.

వాస్తవం: రెండు టవర్ల మధ్య 1280 మీటర్ల రోడ్డు తీగలకు వేలాడుతోంది. బస్సు పోయినా అదురుతుంది, షట్టర్ ఎక్కువసేపు తెరిచి తీసే ఫొటో (దీర్ఘ ఎక్స్‌పోజర్) మసకబారుతుంది. పైగా రాత్రి నడకదారిలోకి పాదచారులను రానివ్వరు. వంతెన ఉత్తరపు చివర ఉన్న పాత ఫిరంగి స్థావరం, బ్యాటరీ స్పెన్సర్ గట్టు మీద నుంచి తీయండి. గాలి ఎక్కువ కాబట్టి ట్రైపాడ్‌కు బ్యాగు తగిలించండి.

అపోహ: కొండ మీద నుంచి డ్రోన్ ఎగరేయవచ్చు.

వాస్తవం: ఆ కొండలు నేషనల్ పార్క్ సర్వీస్ కిందికి వస్తాయి. అక్కడ డ్రోన్ ఎగరేయడం నిషేధం.