కిట్ బేస్ గిటార్: పచ్చ లైటు వెలిగినా శృతి ఎందుకు కుదరదు?

డిసెంబరు దగ్గరపడితే పర్లాకిమిడిలో నా బల్ల మీద చోటుండదు. కొండ ఊళ్ల చర్చి బ్యాండ్లు, సరిహద్దు దాటి పాతపట్నం నుంచి వచ్చే ఆర్కెస్ట్రా వాళ్లు, గుణుపురం రైల్లో గిటార్ ఒళ్లో పెట్టుకుని దిగే కుర్రాళ్లు. ఈమధ్య వీటిలో కిట్ బేస్ గిటార్లు ఎక్కువయ్యాయి. డబ్బాలో బాడీ, నెక్ (తీగలు నొక్కే పొడుగు కర్ర), పికప్ (తీగ అదురుని కరెంటు సిగ్నల్‌గా మార్చేది), మరలు విడివిడిగా వస్తాయి, బిగించుకోవడం మన పని.

తెచ్చినవాళ్లందరిదీ ఒకటే గొడవ. "మేష్టారూ, ట్యూనర్లో పచ్చ లైటు వస్తోంది, పాటలో మాత్రం కలవట్లేదు. కిట్టు నాసిరకమా, ట్యూనరు నాసిరకమా?" ట్యూనర్ అంటే తీగ స్వరం సరిపోయిందో లేదో చూపే పరికరం, సరిపోతే పచ్చ లైటు వెలుగుతుంది. చాలాసార్లు రెండూ బాగానే ఉంటాయి. కిట్టు పని సగంలో ఆగిపోయి ఉంటుంది, అంతే. మాది గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు. వాడుక మాటల్లోనే రాస్తాను, పండితులు కోప్పడొద్దు.

అపోహ: కిట్టులో అంతా తయారే. మరలు బిగించి తీగలు కడితే చాలు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది నట్. తలవైపు తీగలు ఆనే ఆ చిన్న ముక్కలో గాడులు చాలా కిట్లలో పైపైనే కోసి పంపుతారు. మిగతా లోతు మనం కోసుకోవాలి. కోయకపోతే మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర తీగ బాగా ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుంచి నొక్కేసరికి తీగ సాగి స్వరం పెరుగుతుంది. ఖాళీ తీగ మీటితే ట్యూనర్లో పచ్చ, మొదటి ఫ్రెట్ నొక్కితే ముల్లు కుడివైపుకి. మన కుర్రాళ్లు బేస్ వాయించేది ఎక్కువగా మొదటి అయిదు ఫ్రెట్లలోనే కాబట్టి పాటంతా తేడాగా వినిపిస్తుంది. తిట్లు ట్యూనరుకి.

తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని మొదటి ఫ్రెట్ మీద వేలికొనతో తట్టి చూడండి. పలచటి కాగితం దూరేంత సందు ఉండి 'టిక్' మనాలి. సందు కంటికి బాగా కనిపిస్తే ఇంకా కోయాలి. సందే లేదంటే లోతు ఎక్కువైంది.

నా మొదటి కిట్టుకి లోతు ఎక్కువే చేశాను. సన్న ఆకురాయి పట్టుకుని నాలుగు రుద్దులు ఎక్కువ రుద్దాను. లావు తీగ ఖాళీగా మీటితే మొదటి ఫ్రెట్‌కి తగిలి గరగరమంది. కొత్త నట్ తెప్పించే ఓపిక లేక, గాడిలో చిటికెడు వంట సోడా పోసి ఒక చుక్క ఫెవిక్విక్ వేశాను. సెకన్లలో రాయిలా గట్టిపడింది. (వేడి పుడుతుంది, పొగ వస్తుంది. మొహం దూరంగా పెట్టుకోండి.) మర్నాడు మళ్లీ కోశాను. ఈసారి రెండు రుద్దులకోసారి తీగ వేసి చూసుకుంటూ, గాడి తలవైపు కొంచెం వాలుగా ఉండేట్టు.

ఇంకో మాట. మీ కిట్టు బాడీలో బ్రిడ్జి (తీగల రెండో కొస ఆనే లోహపు పలక) బిగించే రంధ్రాలు లేకపోతే డ్రిల్లు పట్టుకునే ముందు కొలత టేపు పట్టుకోండి. మామూలు బేస్ స్కేలు, అంటే నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ మోగే పొడవు, 34 అంగుళాలు, అంటే 864 మిల్లీమీటర్లు. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కి 432, అక్కడి నుంచి సన్న తీగ శాడిల్‌కి (బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే చిన్న ముక్క) ఇంచుమించు మరో 432. లావు తీగ శాడిల్ ఇంకొంచెం వెనక్కి ఉంటుంది. బ్రిడ్జే తప్పు చోట బిగిస్తే ఆ తర్వాత ఏ ట్యూనరూ కాపాడలేదు.

అపోహ: తీగలు ఎత్తుగా ఉన్నాయా? ట్రస్ రాడ్ బిగించెయ్.

ఈ అపోహ వల్లే ఎక్కువ నెక్‌లు పాడవుతున్నాయి. ట్రస్ రాడ్ అంటే నెక్ లోపలుండే లోహపు కడ్డీ. అది ఉన్నది తీగల ఎత్తు కోసం కాదు, నెక్ వంపు కోసం. బేస్ నాలుగు తీగలూ శృతిలో ఉన్నప్పుడు కలిపి సుమారు 80 కిలోల బలంతో నెక్‌ని లాగుతుంటాయి. ఆ లాగుడుకి ఎదురు కాసేదే లోపలి రాడ్. వంపు పూర్తిగా పోకూడదు కూడా. తీగ ఊగడానికి నడుమ కాస్త చోటు కావాలి.

మొదటి ఫ్రెట్ మీద క్యాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) వేసి, నెక్ బాడీలో కలిసే చోట ఫ్రెట్ నొక్కి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర సందు కొలవండి. 0.3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే సరి. దీనికి ప్రత్యేకమైన పరికరం అక్కర్లేదు. బైక్ మెకానిక్కు ట్యాపెట్లు సరిచేసే ఫీలర్ గేజ్ చాలు. నాది అలా అడిగి తెచ్చుకున్నదే, ఇంకా తిరిగివ్వలేదు.

సందు ఎక్కువుంటే బిగించాలి, తక్కువుంటే వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టు, ఆపైన మళ్లీ శృతి చేసి కొలవాలి. గట్టిగా ఉందని బలం పెట్టొద్దు. రాడ్ విరిగితే కిట్టు ఖరీదు కన్నా రిపేరు ఖరీదు ఎక్కువ. కొత్త నెక్‌కి తీగలు కట్టాక ఒక రాత్రి అలా వదిలేసి పొద్దున్న చూడమంటాను. కర్ర సర్దుకోవడానికి టైము పడుతుంది. వానాకాలంలో సరిచేసిన నెక్ మాఘమాసానికి అలాగే ఉంటుందనీ అనుకోవద్దు. పొడి గాలికి కర్ర కుంచించుకుపోయి ఫ్రెట్ల చివర్లు చేతికి గీసుకుంటాయి కూడా.

వంపు కుదిరాకే ఎత్తు. బ్రిడ్జి మీద శాడిళ్ల చిన్న మరలు తిప్పి, పదిహేడో ఫ్రెట్ దగ్గర రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్లకి తెచ్చుకోండి. శాడిళ్లు అడుక్కి దిగినా తీగలు ఎత్తుగానే ఉంటే నెక్ జేబులో (బాడీలో నెక్ కూర్చునే గుంట) బ్రిడ్జి వైపు అంచున విజిటింగ్ కార్డు ముక్క పెడితే నెక్ కొంచెం వెనక్కి వాలుతుంది. మోటు పని అనుకోకండి, పేరున్న గిటార్లు విప్పినా లోపల ఇలాంటి ముక్కలు కనిపిస్తాయి.

అపోహ: ఖాళీ తీగలు శృతిలో ఉంటే గిటార్ మొత్తం శృతిలో ఉన్నట్టే.

వీణ మెట్లు మైనంలో అమరుస్తారు. వెచ్చచేసి సరిచేసుకోవచ్చు. గిటార్ మెట్లు కదలవు, కదిలేది శాడిలే. కొత్త తీగలు వేసి, పన్నెండో ఫ్రెట్ మీద తీగని నొక్కకుండా ఊరికే తాకి మీటితే వచ్చే స్వరం (హార్మోనిక్) వినండి, తర్వాత అక్కడే నొక్కి మీటండి. నొక్కిన స్వరం పెరిగితే శాడిల్ వెనక్కి, తగ్గితే నెక్ వైపుకి. ఈ పని అన్నిటికన్నా ఆఖరిది. వంపు, ఎత్తు, నట్ ఏది కదిపినా ఇది మళ్లీ మొదటికొస్తుంది. పాత తీగలతో చేస్తే మాత్రం రెండు గంటలు తిప్పి, చివరికి నా దగ్గరికే వస్తారు.

అపోహ: ఫోనులో యాప్ ఉండగా ట్యూనర్ కొనడం దండగ.

ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే యాప్ పనికొస్తుంది. చిక్కల్లా లావు తీగతోనే. దాని స్వరం 41.2 హెర్ట్‌జ్. ఫోను మైకు మాటల కోసం పుట్టింది, అంత లోతు దానికి సరిగా అందదు. ముల్లు అటూ ఇటూ గెంతుతుంది. పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ మోగించండి, అది 82.4. దాన్ని ఫోను కూడా పట్టుకుంటుంది. టోన్ నాబ్ తగ్గించి బొటనవేలితో మెత్తగా మీటినా తేడా తెలుస్తుంది.

చర్చిలో డ్రమ్స్, కీబోర్డు మోగుతుంటే యాప్ చేతులెత్తేస్తుంది. తలకి తగిలించే క్లిప్ ట్యూనర్ కర్ర అదురుని పట్టుకుంటుంది కాబట్టి చుట్టూ గోల ఉన్నా చాలావరకు నడుస్తుంది. లావు తీగని పట్టుకోకపోతే క్లిప్పు చోటు మార్చి చూడండి, ఒక్కోసారి ఒక్కో చోట బాగా తెలుస్తుంది. స్పీకర్లు పక్కనే ఉండి నెక్ కూడా వణికే స్టేజీ మీద మాత్రం పెడల్ ట్యూనరే నయం. అది తీగ సిగ్నల్‌ని కేబుల్లోంచి నేరుగా తీసుకుంటుంది, శృతి చేస్తున్నంతసేపూ శబ్దం బయటికి పోనివ్వదు. ఆర్కెస్ట్రాలో సంపాదించేవాళ్లకి పెడల్, మిగతా అందరికీ క్లిప్పు. నా సలహా ఇంతే.

0.1 సెంటు చూపించే స్ట్రోబ్ ట్యూనర్ కొనాలా అని అడుగుతారు. ఒక స్వరం నుంచి పక్క స్వరానికి వంద సెంట్లు. వేలు కాస్త గట్టిగా నొక్కితేనే ఆ 0.1 సెంటు కన్నా ఎక్కువ మారిపోతుంది. నా బల్ల మీద శాడిల్ సరిచేయడానికి అది కావాలి, మీకు ఒక సెంటు చూపించేది సరిపోతుంది. ట్యూనర్ లేకుండా అయిదో ఫ్రెట్, ఏడో ఫ్రెట్ హార్మోనిక్‌లు కలిపే పాత పద్ధతిలో పక్కపక్క తీగల ఒక్కో జతకి రెండు సెంట్లు తేడా వస్తుంది. లావు తీగ నుంచి మొదలుపెడితే సన్న తీగకి చేరేసరికి ఆరు సెంట్లు తగ్గుతుంది.

అపోహ: ట్యూనర్ అబద్ధం చెప్పదు.

మనం చెప్పమన్నదే చెప్తుంది. పోయిన ఏడాది ఒక చర్చి కుర్రాడు బేస్ పట్టుకొచ్చాడు. నట్ బాగుంది, నెక్ బాగుంది, పన్నెండో ఫ్రెట్ బాగుంది. ఏమీ దొరక్క అతని ట్యూనర్ చూశాను. మూలన 442 అని చిన్న అంకె. సంచిలో బటన్ నొక్కుకుపోయింది. ఆ అంకె 'ఎ' స్వరం ఎన్ని హెర్ట్‌జ్‌లో చెప్తుంది. 1955 నుంచి అంతర్జాతీయ ప్రమాణం 440. ఆ రెండు హెర్ట్‌జ్‌ల తేడా దాదాపు ఎనిమిది సెంట్లు. కీబోర్డు పక్కన వాయిస్తే వినిపిస్తుంది.

కానీ ఆ బటన్ అవసరమయ్యే రోజూ ఉంది. భజన బృందంలో పాత హార్మోనియం 440లో ఉండాలని లేదు. దాని రీడ్లని అక్కడికక్కడ మార్చలేం. ముందు హార్మోనియం 'ఎ' మెట్టు నొక్కించి, ట్యూనర్ దాన్ని పచ్చగా చూపేదాకా అంకె జరిపి, అప్పుడు మీ తీగలు కలపండి.

అపోహ: గుయ్‌మని మోగితే పికప్ పోయినట్టే.

తీగలు ముట్టుకున్నా గుయ్ మారక, కేబుల్ జాక్ లోహం ముట్టుకుంటే తగ్గుతోందంటే బ్రిడ్జి కింద గ్రౌండ్ వైరు కలవలేదు. కిట్టులో ఆ వైరు కొస బ్రిడ్జి లోహానికి ఆనాలి. వార్నిషు కింద ఇరుక్కుంటే లాభం లేదు. మల్టీమీటరుని ఓమ్‌ల మీద పెట్టి ఒక మొన బ్రిడ్జికి, ఒకటి జాక్ బయటి లోహానికి పెడితే సున్నాకి దగ్గరగా రావాలి.

ఈ వైరు కలిసిందంటే తీగలు యాంప్లిఫయర్ గ్రౌండ్‌కి కలిసినట్టే. జనరేటరు మీద, ఎర్తింగ్ లేని పందిట్లో, చేతులు తీగల మీద ఉండగా పెదవి మైకుకి తగిలితే షాక్ కొడుతుంది. ముందు ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్ చూపించాలి. పండగ హడావిడిలో కమిటీ పెద్దలకి ఈ మాట చెప్పడానికి బేస్ వాయించే కుర్రాడికి మొహమాటం. నా పేరు చెప్పి అడగమంటాను.