పాము ఎక్కడిదని అడగని తొమ్మిది నెలలు

కొండచిలువను మెడలో వేసుకుని తీసిన రీల్స్ మళ్ళీ ఫోన్లలో తిరుగుతున్నాయి. కేసు పెట్టాలని కొందరంటే, అది మన దేశపు పాము కాదు, కేసు నిలబడదని ఇంకొందరంటున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అందరికీ తెలిసిందే, దాని దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. అది మన అడవుల జంతువులకు కాపలా కాసింది, విదేశీ జంతువులను ఇంట్లో పెట్టుకోవడం గురించి పట్టించుకోలేదు. అందుకే అనంతపురం పల్లెల్లో చేలో దొరికిన నక్షత్ర తాబేలును ఇంటికి తెచ్చుకుంటే కేసు. చిలక జోస్యం చెప్పే ముసలాయన పంజరంలో రామచిలుక ఉంటే కేసు. ఆఫ్రికా బాల్ పైథాన్ అనే కొండచిలువను హాల్లో గాజుపెట్టెలో పెట్టుకుంటే మాత్రం అప్పట్లో అడిగేవాళ్ళు లేరు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటే పట్టుకున్నట్టు, గేటు దాటితే దాటినట్టు.

అసలు మలుపు 2020 జూన్‌లో వచ్చింది. అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో మన దేశం 1976లోనే చేరింది. ఆ ఒప్పందం జాబితాల్లోని విదేశీ జంతువులు ఎవరి దగ్గరున్నా ఆరు నెలల్లో స్వచ్ఛందంగా చెప్పాలని కేంద్ర పర్యావరణ శాఖ అప్పుడు ఒక మార్గదర్శకం ఇచ్చింది. గడువులోపు చెబితే జంతువు ఎక్కడి నుంచి వచ్చిందో ఏ కాగితమూ చూపక్కర్లేదు. ఆ గడువును తర్వాత 2021 మార్చి 15 దాకా పొడిగించారు. ఎవరి దగ్గర ఏమున్నాయో ముందు లెక్క తేలాలన్నది ప్రభుత్వం ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ దొంగదారిన వచ్చిన జంతువుకూ ఆ తొమ్మిది నెలల్లో సర్టిఫికెట్ దొరికింది.

దాని ఫలితం నేను కళ్ళారా చూశాను. గడువు ముగిసిన కొన్నాళ్ళకు అనంతపురంలో ఒక ఆక్వేరియం షాపుకు వెళ్ళాను. బంగారు చేపల తొట్ల వెనక, కాల్చిన మేకుతో చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఉంది. అందులో తడిసిన టిష్యూ పేపరు మీద చిన్న పాము ముద్దలా చుట్టుకుని ఉంది. బెంగళూరు నుంచి బస్సులో వచ్చిందట. పేపర్లున్నాయా అంటే షాపాయన ఫోన్ తీసి ఎవరి పేరుమీదో ఉన్న సర్టిఫికెట్ ఫొటో చూపించాడు. "దీని తల్లి అందులో ఉంది సార్, ఇది దాని పిల్లే" అన్నాడు. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. తనిఖీకి వచ్చే ఫారెస్ట్ ఆఫీసర్ దగ్గర కూడా ఉండదు.

ఆ తర్వాత చట్టం గట్టిపడింది. 2022 డిసెంబర్‌లో సవరణ పార్లమెంటు ఆమోదం పొంది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సైటిస్ జాబితా జీవులు మొదటిసారి మన చట్టంలో భాగమయ్యాయి. సాధారణ ఉల్లంఘనలకు జరిమానా గరిష్ఠంగా 25 వేల నుంచి లక్షకు పెరిగింది. 2024 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి, మళ్ళీ ఆరు నెలల గడువు ఇచ్చారు.

పెంచేవాళ్ళు తమవి ఫారాల్లో పుట్టినవేననీ, అడవి నుంచి తెచ్చినవి కావనీ అంటారు. కొందరి విషయంలో అది నిజమే. నా భయం వేరే చోట ఉంది. సైటిస్ జాబితా చూసేది వ్యాపారం వల్ల ఆ జాతికి వచ్చే ముప్పును. పక్కింటివాళ్ళకు వచ్చే ముప్పు దాని లెక్కలోకి రాదు. ఆఫ్రికా పఫ్ యాడర్ ప్రాణాలు తీసే పాము, అయినా ఆ జాబితాలో లేదు. మన పెద్దాసుపత్రుల్లో ఉండే పాముకాటు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషంతో తయారైంది. పఫ్ యాడర్ కాటుకు దాన్ని నమ్ముకోలేం. బ్రిటన్ 1976లోనే మనిషికి ప్రమాదాన్ని బట్టి విడిగా జాబితా రాసుకుంది. వాళ్ళ లైసెన్సుకు పశువైద్యుడి తనిఖీ, బీమా రెండూ కావాలి.

యజమాని చేతులెత్తేస్తే ఏమవుతుందో కూడా మనకు అనుభవమే. సింహాలు, పులులు, ఎలుగుబంట్లతో ఆటలాడించడంపై 1998లో వచ్చిన నిషేధాన్ని 2001లో సుప్రీంకోర్టు సమర్థించాక సర్కస్ సింహాలు తిరుపతి, విశాఖ జూల రెస్క్యూ సెంటర్లకు చేరాయి. ముసలై చనిపోయేదాకా వాటిని జనం డబ్బుతో మేపాల్సి వచ్చింది.

పెంచుకునేవాళ్ళకు ఇంకో గడువు ఇవ్వాలంటే ఇవ్వనీ. ఈసారి తల్లి ఎక్కడిదో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడిగాకే పిల్లకు రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వాలి. విషం ఉన్నవాటికి, అవి ఏ జాబితాలో ఉన్నా లేకున్నా, ఆ నంబరు కూడా ఇవ్వకూడదు.