మామూలు మాటలకు ఓనర్లు ఉంటారా? ఓపెన్ గేమ్ లైసెన్స్: అపోహలు - వాస్తవాలు

నేను టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ (టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలు పోషిస్తూ ఆడే ఆట) పుస్తకాలు ఎడిట్ చేస్తాను. ఒకరి గేమ్ రూల్స్‌ను మిగతావాళ్లు తమ పుస్తకాల్లో వాడుకోనిచ్చేది ఓపెన్ గేమ్ లైసెన్స్. అందులో అందరికీ వదిలేసిన భాగం "ఓపెన్ గేమ్ కంటెంట్". ప్రచురించేవాళ్లు తమకే ఉంచుకుని పుస్తకంలో లిస్టుగా ఇచ్చే పేర్లూ అవీ "ప్రొడక్ట్ ఐడెంటిటీ". కొత్తగా రాసేవాళ్ల టెన్షన్ అంతా ఒక్కటే: "ఈ మాట నేను వాడొచ్చా?"

అపోహ: పుస్తకం చివర "ప్రొడక్ట్ ఐడెంటిటీ" అని రాసుకుంటే ఆ మాట నాదే.

వాస్తవం: కాదు. అమెరికా చట్టంలో ఒంటి మాటలకూ పేర్లకూ కాపీరైట్ రాదు. ట్రేడ్‌మార్క్ అన్నది సరుకును గుర్తుపట్టడానికి పెట్టుకున్న పేరుకే. మామూలు మాటను దాని మామూలు అర్థంలో వాడుకునేవాళ్లను అది ఆపదు.

అపోహ: అయితే ఆ లిస్టును పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: చాలామంది బోల్తా పడేది ఇక్కడే. "డంజన్స్ అండ్ డ్రాగన్స్" గేమ్ కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2000లో తెచ్చిన ఈ లైసెన్స్ ఒక ఒప్పందం. దాన్ని వాడుకున్నామంటే, ఎదుటివాళ్ల ప్రొడక్ట్ ఐడెంటిటీని విడిగా అనుమతి లేకుండా ముట్టుకోమని 7వ సెక్షన్ కింద మాట ఇచ్చినట్టే. అంటే చట్టం వదిలేసిన మాటకు కూడా ఒప్పందం కళ్లెం వేయగలదు. లైసెన్స్ జోలికే వెళ్లనివాళ్లకు ఆ కళ్లెం లేదు.

అందుకే లిస్టు రాసేవాళ్ల మీద నాకు పట్టింపు ఎక్కువ. ఒకసారి నా దగ్గరికి వచ్చిన పుస్తకం చివరి పేజీలో "నీడ", "బూడిద", "కాపలాదారు" కూడా ప్రొడక్ట్ ఐడెంటిటీయే! రచయితతో కూర్చుని ఒక్కొక్కటీ కొట్టేయించాను. ఆయన సొంతంగా పుట్టించిన ఊళ్ల పేర్లు, పాత్రల పేర్లు మాత్రం ఉంచాం. నీడను తాళం వేసి దాచుకుంటే, ఆ పుస్తకం మీద ఆధారపడి రాయాలనుకునే తర్వాతివాళ్లు భయపడి ఆగిపోతారు. ఓపెన్ అన్న మాటకు అర్థమేముంది?

ఎలా గీత గీయాలో విజార్డ్స్ వాళ్లు ఈ లైసెన్స్ కింద ఇచ్చిన రూల్స్ డాక్యుమెంట్ (ఎస్‌ఆర్‌డీ)లోనే కనిపిస్తుంది. "మెల్ఫ్స్ యాసిడ్ యారో" అనే మంత్రం అందులో "యాసిడ్ యారో" అయింది. మెల్ఫ్ అనే పేరు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. యాసిడ్, బాణం అందరికీ వదిలేశారు.

అపోహ: ఓపెన్‌గా ఉన్న మాటను నా పుస్తకంలో పెట్టి మూసేయొచ్చు.

వాస్తవం: కుదరదు. ఓపెన్ గేమ్ కంటెంట్ ప్రొడక్ట్ ఐడెంటిటీలోకి రాదని లైసెన్స్ నిర్వచనంలోనే ఉంది.

అపోహ: ఈ లైసెన్స్ తప్ప వేరే దారి లేదు.

వాస్తవం: 2023 జనవరిలో విజార్డ్స్ వాళ్లు ఆ రూల్స్ డాక్యుమెంట్ 5.1 వెర్షన్‌ను క్రియేటివ్ కామన్స్ 4.0 అట్రిబ్యూషన్ లైసెన్స్ కింద కూడా విడుదల చేశారు. అందులో ప్రొడక్ట్ ఐడెంటిటీ అనే షరతే లేదు. వాళ్లు చెప్పినట్టు క్రెడిట్ లైన్ వేస్తే చాలు.