పాయింట్లు పోతాయన్నారు, మళ్ళీ మైదానంలోకి దిగారు

రియల్ మాడ్రిడ్‌కు ఆడే నల్లజాతి బ్రెజిల్ ఆటగాడు వినీసియస్ జూనియర్, వలెన్సియా క్లబ్. ఈ రెండు పేర్లు ఒకచోట వినిపిస్తే చాలు, స్పెయిన్ ఫుట్‌బాల్‌లో జాతి దూషణ మీద పాత గొడవ మళ్ళీ రాజుకుంటుంది. 2025లో అందుకు ఒక డాక్యుమెంటరీ కారణమైంది. తన సొంత మైదానమైన మెస్టాయా స్టేడియంలో ప్రేక్షకులు వినీసియస్ మీద అరిచినదాన్ని అందులో తప్పుగా చూపించారని, సరిదిద్దాల్సిందేనని వలెన్సియా క్లబ్ పట్టుబట్టింది. దాంతో సద్దుమణిగాయనుకున్న ప్రశ్నలన్నీ లేచి కూర్చున్నాయి. స్టాండులో కొందరు నోరు పారేసుకుంటే దానికి క్లబ్ ఎంతవరకు జవాబుదారీ? తిట్లు తిన్న ఆటగాడి కోసం జట్టు మొత్తం మైదానం వదిలి వెళ్ళిపోవచ్చా? వెళ్తే ఏమవుతుంది?

2023 మే 21న మెస్టాయాలో ఏం జరిగిందో ఫుట్‌బాల్ చూసేవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు, వలెన్సియా ప్రేక్షకుల్లో కొందరు వినీసియస్‌ను కోతి అంటూ తిట్టారు. గోల్‌పోస్టు వెనక స్టాండు వైపు వేలెత్తి చూపిస్తున్న వినీసియస్ వీడియో ప్రపంచమంతా తిరిగింది. అంతకు ముందరి చరిత్ర, అంటే ఇంగ్లండ్ మైదానాల్లో విసిరిన అరటిపండ్లు, ఇటలీ స్టాండుల్లో కోతి అరుపులు, అదీ చాలాసార్లు రాసిందే. అసలు ఈ తగువు అర్థం కావాలంటే చూడాల్సిన మ్యాచ్ వేరే ఉంది. అందులో వినీసియస్ లేడు, రియల్ మాడ్రిడ్ లేదు. స్టేడియంలో ప్రేక్షకులే లేరు.

2021 ఏప్రిల్ 4, ఈస్టర్ ఆదివారం. స్పెయిన్ దక్షిణ తీరంలోని కాడిజ్ నగరం. కోవిడ్ ఆంక్షల వల్ల కుర్చీలన్నీ ఖాళీ. ఆతిథ్య జట్టు కాడిజ్, ఎదుట వలెన్సియా. స్కోరు 1-1. అరగంట కావస్తుండగా వలెన్సియా డిఫెండర్ ముక్తార్ డియాఖబీకి, కాడిజ్ డిఫెండర్ హువాన్ కాలాకు మధ్య మాటామాటా పెరిగింది. డియాఖబీ ఫ్రాన్స్‌లో పుట్టినవాడు, కుటుంబ మూలాలు గినీలో ఉన్నాయి. అతను కోపంతో కాలా మీదికి వెళ్ళాడు. కాలా తన రంగు పేరెత్తి బూతు తిట్టాడని రిఫరీకి చెప్పాడు. రిఫరీ ఆ ఫిర్యాదును నివేదికలో రాసుకున్నాడు. తనకు గానీ, తన సహాయకులకు గానీ ఆ మాట వినపడలేదనీ రాశాడు. ఎల్లో కార్డు మాత్రం డియాఖబీకే చూపించాడు.

వలెన్సియా ఆటగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మైదానం బయటికి నడిచారు. కెప్టెన్ హోసే గయా సహా అందరూ డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్ళిపోయారు. స్పెయిన్ అగ్రశ్రేణి లీగ్‌లో ఒక జట్టు జాతి దూషణ ఆరోపణ మీద మూకుమ్మడిగా ఆట ఆపేయడం అలా కళ్ళముందు జరిగింది. ఇరవై నిమిషాలు దాటాక అదే జట్టు మళ్ళీ తిరిగొచ్చింది.

ఎందుకు తిరిగొచ్చారో గయా మ్యాచ్ అయ్యాక టీవీ ముందే చెప్పాడు. ఆడకపోతే మూడు పాయింట్లు పోతాయని, అంతకుమించిన శిక్ష కూడా పడొచ్చని తమతో అన్నారట. తిరిగి వెళ్ళి ఆడమని డియాఖబీయే కోరాడని కూడా అన్నాడు. అప్పటికి వలెన్సియా పట్టికలో కింది సగంలో ఉంది, పాయింట్లు ఊరికే వదులుకునే స్థితిలో లేదు.

తిరిగొచ్చిన పదకొండుగురిలో డియాఖబీ లేడు. అతని బదులు హ్యూగో గిల్యామోన్ దిగాడు. కాలా మాత్రం విరామం దాకా ఆడుతూనే ఉన్నాడు. ఫిర్యాదు చేసినవాడు ఖాళీ స్టాండులో కూర్చుని చూస్తున్నాడు, ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు బంతి తన్నుతున్నాడు. ఆఖరి నిమిషాల్లో కాడిజ్ గోల్ కొట్టి 2-1తో గెలిచింది. ఏ పాయింట్ల కోసం వలెన్సియా వెనక్కొచ్చిందో అవీ దక్కలేదు.

అటు తర్వాత వచ్చిన రెండు క్లబ్బుల ప్రకటనలు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. జాతి వివక్షను ఖండిస్తున్నామని కాడిజ్ అంది, తమ ఆటగాళ్ళ నిజాయితీ మీద అనుమానం లేదనీ అంది. కాలా విలేకరుల ముందుకొచ్చి తాను అలాంటి మాటే అనలేదని, తనను నలుగురిలో నిలబెట్టి కొడుతున్నారని వాపోయాడు. వలెన్సియా పూర్తిగా డియాఖబీ వెంట నిలబడింది. డియాఖబీ ఒక వీడియోలో మాట్లాడాడు. ఆ మాట తాను విన్నానని, తనకు బాధ కలిగిందని, జట్టు సభ్యులు చూపిన మద్దతు మరచిపోనని చెప్పాడు. ఏప్రిల్ 9న స్పెయిన్ అగ్రశ్రేణి లీగ్‌ను నడిపే లాలిగా తన విచారణ ఫలితం ప్రకటించింది. వీడియోలు, ఆడియోలు జల్లెడ పట్టామని, పెదవుల కదలికలు చదివే నిపుణులతోనూ చూపించామని, ఆరోపణకు ఆధారం మాత్రం దొరకలేదని తేల్చింది.

అప్పుడు వలెన్సియా ఇచ్చిన జవాబు ఈ కథలో అతి ముఖ్యమైనది. ఆధారం దొరకనంత మాత్రాన అది జరగలేదని అర్థం కాదని, తమ ఆటగాడి మీద తమ నమ్మకం కొంచెం కూడా తగ్గలేదని ఆ క్లబ్ స్పష్టంగా చెప్పింది. ఫుట్‌బాల్ క్లబ్బుల ప్రకటనల్లో సాధారణంగా కనిపించే అటూఇటూ కాని భాష అందులో లేదు. ఒక ఆటగాడి మాటకు క్లబ్ అంత సూటిగా పూచీ పడటం అరుదు.

జట్టు మైదానం వదిలితే శిక్ష ఎందుకు? ఫుట్‌బాల్‌లో జాతి దూషణకు మూడంచెల పద్ధతి ఉంది. మొదట ఆట ఆపి మైకులో హెచ్చరిక, ఆగకపోతే కాసేపు జట్లను లోపలికి పంపడం, అప్పటికీ ఆగకపోతే మ్యాచ్ రద్దు. యూరప్ సంఘం యుయెఫా 2009లో తెచ్చిన ఈ పద్ధతి తర్వాత ప్రపంచమంతా పాకింది. కానీ ఆ మూడు మెట్లూ రిఫరీ చేతిలోనే ఉన్నాయి. జట్టు తనంతట తాను వెళ్ళిపోతే రూలు పుస్తకం దాన్ని ఆట ఎగ్గొట్టడంగానే చూస్తుంది. కాడిజ్‌లో రిఫరీకి ఏమీ వినపడలేదు, స్టాండులో జనం లేరు, కాబట్టి మొదటి మెట్టు దగ్గరికే ఎవరూ వెళ్ళలేదు.

స్పెయిన్‌లో ఈ సంకటం అంతకుముందూ ఎదురైంది. 2006 ఫిబ్రవరిలో సరగోసాలో కోతి అరుపులు భరించలేక బార్సిలోనా స్ట్రైకర్ సామ్యుయెల్ ఎటో మైదానం వదిలి వెళ్ళబోయాడు. సహ ఆటగాళ్ళు, కోచ్ ఫ్రాంక్ రైకార్డ్ బతిమాలి ఆపారు. సరగోసా క్లబ్‌కు పడిన జరిమానా 9,000 యూరోలు. 2013 జనవరిలో కెవిన్-ప్రిన్స్ బోటెంగ్ నిజంగానే బంతిని స్టాండులోకి తన్ని నడిచి వెళ్ళాడు, ఏసీ మిలాన్ మొత్తం అతని వెంట వెళ్ళింది. అందరూ మెచ్చుకునే సంఘటనే, అయితే అది స్నేహపూర్వక మ్యాచ్. పోయే పాయింట్లేమీ లేవు.

కాడిజ్ ఘటనకు మూడు నెలల ముందే మనవాళ్ళు ఇలాంటిదే మరో ఆటలో చూశారు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తున్న హైదరాబాదీ మొహమ్మద్ సిరాజ్‌ను ప్రేక్షకుల్లో కొందరు తిట్టారు. అతను కెప్టెన్ రహానేకు చెప్పాడు, రహానే అంపైర్లకు చెప్పాడు, ఆట దాదాపు పది నిమిషాలు ఆగింది. మైదానం వదిలి వెళ్ళే వీలుందని అంపైర్లు అన్నారని, తప్పు మనది కాదు కనుక ఆడదామని రహానే అన్నాడని సిరాజ్ తర్వాత వివరించాడు. సిరాజ్ మీద దూషణ జరిగిన మాట నిజమేనని క్రికెట్ ఆస్ట్రేలియా ఒప్పుకుంది. అయితే ఆ రోజు స్టాండులోంచి బయటికి పంపిన ఆరుగురు అసలు దోషులు కారని కూడా చెప్పింది. పట్టుకోవడంలో పొరపాటు జరిగినా, ఉండాలా వెళ్ళాలా అన్న నిర్ణయాన్ని ముందు జట్టుకే వదిలారు. కాడిజ్‌లో వలెన్సియాకు దక్కనిది అదే.

కాడిజ్‌లో ఆ రోజు వినిపించిన హెచ్చరిక ఉత్తి బెదిరింపు కాదని తేలడానికి మూడేళ్ళు పట్టింది. 2024 మార్చి చివర్లో స్పెయిన్ మూడో డివిజన్‌లో సెస్టావో రివర్ అనే జట్టు మైదానంలో రాయో మాహదహోండా అనే జట్టు ఆడుతోంది. రాయో జట్టు సెనెగల్ గోల్‌కీపర్ షేక్ సార్ గోల్ వెనక నుంచి తనను తిడుతున్న ప్రేక్షకుడి మీదికి వెళ్ళాడు. రిఫరీ అతనికి రెడ్ కార్డు చూపించాడు. ఈసారి జట్టు బయటికి వెళ్ళింది, మళ్ళీ దిగలేదు. ఫెడరేషన్ క్రమశిక్షణ కమిటీ మొదట ఇచ్చిన ఉత్తర్వులో మ్యాచ్‌ను 3-0తో ఓడినట్టు లెక్కగట్టి, పైగా మూడు పాయింట్లు కోసింది. ఆతిథ్య జట్టుకూ జరిమానా, ఖాళీ స్టాండులతో మ్యాచ్‌లు ఆడే శిక్ష పడ్డాయి, నిజమే. కానీ తిట్లు తిన్న జట్టే పట్టికలో కిందికి జారింది. ఆటగాడికి తోడుగా నిలబడిన క్లబ్‌కు దక్కిన బహుమానం అది.

ఇప్పుడు మళ్ళీ మెస్టాయాకు వద్దాం. 2023లో వలెన్సియా రెండో గట్టున ఉంది. తిట్టినవాళ్ళు ఆ క్లబ్ ప్రేక్షకులు. వాళ్ళను గుర్తించడంలో పోలీసులకు క్లబ్ సహకరించింది, దొరికినవాళ్ళను జీవితాంతం స్టేడియంలోకి రానివ్వబోమని ప్రకటించింది. స్పెయిన్‌లో చాలా క్లబ్బులు ఆ మాత్రం కూడా చేయలేదు. కానీ 45,000 యూరోల జరిమానా, దక్షిణ స్టాండును ఐదు మ్యాచ్‌లకు మూసేయాలన్న ఉత్తర్వు రాగానే స్వరం మారింది. శిక్ష అన్యాయమని, నేరానికి మించిందని క్లబ్ మండిపడింది. అప్పీలులో అది మూడు మ్యాచ్‌లకు, 27,000 యూరోలకు తగ్గింది. ఏ తప్పూ చేయని వేలమంది టికెట్‌దారులను ఎందుకు శిక్షిస్తారన్నది వలెన్సియా వాదన. స్టేడియం మొత్తాన్ని జాత్యహంకారులుగా ముద్ర వేయొద్దని పదేపదే కోరింది. మ్యాచ్ ముగిసిన వెంటనే రియల్ మాడ్రిడ్ కోచ్ అన్చెలోటి మొత్తం స్టేడియాన్నీ తప్పుపట్టి, తర్వాత ఆ మాటను సవరించుకున్నాడు కాబట్టి ఆ ఫిర్యాదులో కొంత న్యాయం ఉంది.

రెండేళ్ళ ముందు తనకు అనుభవమైన సంగతి మాత్రం ఆ ప్రకటనల్లో ఎక్కడా కనపడదు. కాడిజ్‌లో ఒకే ఒక్క మాటకు సాక్ష్యం లేక తమ ఆటగాడు ఒంటరివాడైన తీరు వలెన్సియాకు తెలిసినంతగా మరే క్లబ్‌కూ తెలియదు. పైగా డియాఖబీ అప్పటికీ వలెన్సియా ఆటగాడే.

రియల్ మాడ్రిడ్ మొదటి నుంచీ గట్టిగా ఉందనుకుంటే పొరపాటు. 2022 సెప్టెంబర్‌లో అదే నగరపు ప్రత్యర్థి క్లబ్ అట్లెటికో అభిమానులు వినీసియస్‌ను కోతి అంటూ పాడిన పాట కేసును, ఆ పాట కొద్ది సెకన్లే సాగిందంటూ మాడ్రిడ్ ప్రాసిక్యూటర్లు మూసేశారు. 2022 డిసెంబర్ చివర్లో వయ్యదొలిద్ నగరంలో మళ్ళీ అదే జరిగింది. లాలిగా ఏమీ చేయడం లేదని సామాజిక మాధ్యమాల్లో గొంతెత్తింది వినీసియస్సే. 2023 జనవరిలో అతని జెర్సీ తొడిగిన దిష్టిబొమ్మను మాడ్రిడ్‌లో ఒక వంతెనకు ఉరివేశారు. ఆ ఉరి కేసులో అరెస్టులు మే నెలలో జరిగాయి, మెస్టాయా గొడవ ప్రపంచమంతా తెలిసిన రెండు రోజులకు. మెస్టాయా మర్నాడు రియల్ మాడ్రిడ్ ప్రాసిక్యూటర్ దగ్గరికి ద్వేష నేరమంటూ వెళ్ళింది. అక్కడిదాకా వచ్చేసరికి ఆటగాడే ముందు నడిచాడు, క్లబ్ వెనక వచ్చింది. లాలిగా అధ్యక్షుడు హవియెర్ తెబాస్ అయితే ఆ రాత్రే వినీసియస్‌ను తప్పుపడుతూ ట్వీట్ చేసి, తర్వాత క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. శిక్షలు వేసే అధికారం చట్టం లీగ్‌కు ఇవ్వలేదని, ఫిర్యాదు చేయడం వరకే తమ చేతిలో ఉందని లాలిగా చెబుతూ వచ్చింది.

దారి చూపింది క్లబ్బూ కాదు, లీగూ కాదు, కోర్టు. 2024 జూన్‌లో వలెన్సియా కోర్టు మెస్టాయా ముద్దాయిలు ముగ్గురికి ఎనిమిది నెలల చొప్పున జైలు శిక్ష వేసింది, రెండేళ్ళు స్టేడియం గడప తొక్కకుండా నిషేధించింది. ఫుట్‌బాల్ స్టేడియంలో జాతి దూషణకు స్పెయిన్‌లో శిక్ష పడటం అదే మొదటిసారి. కోతిలా చేష్టలు చేసినవాళ్ళ పేర్లు, మొహాలు తేలాయి కనుకే అది సాధ్యమైంది. కాడిజ్‌లో ఇద్దరు ఆటగాళ్ళ మధ్య జరిగిందంటున్నదానికి ఇప్పటికీ అలాంటి ముగింపు లేదు.

ఆ తీర్పుకు మూడు నెలల ముందు, 2024 మార్చి 2న, వినీసియస్ మొదటిసారి మళ్ళీ మెస్టాయాలో ఆడాడు. బంతి తాకిన ప్రతిసారీ ఈలలు. రెండు గోల్స్ కొట్టి, పిడికిలి పైకెత్తి నిలబడ్డాడు. మ్యాచ్ 2-2తో ముగిసింది. ఆ రాత్రి వలెన్సియా రక్షణ వరుసలో డియాఖబీ కూడా ఉన్నాడు. చివరి నిమిషాల్లో రియల్ మాడ్రిడ్ ఆటగాడు చువామెని మీద పడటంతో అతని మోకాలు తీవ్రంగా దెబ్బతింది, స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు. రెండు జట్ల ఆటగాళ్ళూ కలతపడ్డారు. మర్నాటి పత్రికల్లో మాత్రం చర్చంతా వినీసియస్ పిడికిలి మీద, ఆఖరి క్షణంలో రిఫరీ ఊదిన విజిల్ మీద నడిచింది.

డాక్యుమెంటరీని సరిదిద్దాలని 2025లో కోరినప్పుడు వలెన్సియా అడిగింది ఖచ్చితమైన సాక్ష్యాన్ని. ఆ అరుపు ఏమిటో వినిపించాలి, చూపాలి, లేదంటే అనకూడదు. ఆ కోరిక తప్పు కాదు. 2021 ఏప్రిల్ 9న లాలిగా ఇదే కొలమానం పెట్టినప్పుడు దాన్ని ఒప్పుకోనిది కూడా వలెన్సియాయే.