నైట్ హాల్ట్ బస్సు ఎప్పుడు ఆగింది?

వరంగల్ చుట్టుపక్కల పల్లెల నుంచి మళ్లీ అదే మాట వినిపిస్తోంది: మా ఊరికి బస్సు వేయండి. ఈసారి ఎక్కువగా అడుగుతున్నది ముసలివాళ్లు. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక సీటు దొరకడం లేదని తాతలు, ఉచితమే గానీ బస్సు ఏదీ అని అవ్వలు. దాంతో చర్చంతా ఆ ఉచిత ప్రయాణం ఇచ్చిన మహాలక్ష్మి పథకం మీదికే పోతోంది. కానీ 2023 డిసెంబర్ 9న ఆ పథకం మొదలయ్యేనాటికే ఈ ఊళ్లలో చాలావాటికి పొద్దుటి బస్సు లేదు. అసలు చూడాల్సింది 2019.

అంతకుముందు నైట్ హాల్ట్ బస్సు ఉండేది. రాత్రి ఎనిమిదింటికి ఊరికి చేరేది. డ్రైవరు, కండక్టరు పంచాయతీ ఆఫీసు అరుగు మీద పడుకునేవాళ్లు. ఎవరో ఒకరి ఇంటి నుంచి కూరగిన్నె వచ్చేది. తెల్లారి ఆరింటికి బస్సు కదిలితే హన్మకొండలో ఓపీ చీటీ రాసే వేళకు పెద్దమనిషి లైన్లో ఉండేవాడు. పల్లెవెలుగు మెట్టు మోకాలంత ఎత్తు. కండక్టరు చెయ్యి అందించేవాడు. ఎవరికి ఏ రోజు ఆసుపత్రి ఉందో అతనికి తెలుసు, కర్ర పట్టుకుని వచ్చే మనిషి కోసం రెండు నిమిషాలు ఆగేవాడు.

2019 అక్టోబర్ 5న సుమారు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. ప్రభుత్వంలో విలీనం వాళ్ల ప్రధాన డిమాండ్. దాంతోపాటు ఖాళీలు భర్తీ చేయాలనీ అడిగారు. ఆ రెండోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఈనాటి గొడవకు మూలం అక్కడే ఉంది. నవంబర్ 2న 5,100 రూట్లను ప్రైవేటుకు ఇవ్వాలని మంత్రివర్గం నిర్ణయించింది. 52 రోజుల తర్వాత సమ్మె ముగిసింది. డిసెంబర్ 3 నుంచి కిలోమీటరుకు 20 పైసల చొప్పున చార్జీ పెరిగింది. ప్రైవేటు రూట్ల మాట ఆగిపోయింది గానీ, నష్టాల లెక్క మాత్రం గట్టిగా పట్టుకుంది. కిలోమీటరుకు ఎంత వస్తోంది, ఎన్ని సీట్లు నిండాయి అన్నదే చూస్తే, ఆరింటికి ఎనిమిది మందితో బయలుదేరే బస్సు ఎప్పుడూ నష్టమే.

తర్వాత కరోనా. 2020 మార్చిలో ఆగిన జిల్లా బస్సులు మే 19న మళ్లీ రోడ్డెక్కాయి. చాలా ఊళ్ల నైట్ హాల్ట్ మాత్రం తిరిగి రాలేదు. ఆ మార్చి 20నే రైల్వే కూడా వృద్ధుల రాయితీ ఆపేసింది. మగవాళ్లకు 40 శాతం, ఆడవాళ్లకు 50 శాతం ఉండేది. నేటికీ ఇవ్వలేదు.

డ్రైవర్లు తక్కువ, బస్సులు పాతవి అంటారు అధికారులు. అందులో అబద్ధం లేదు.

ఇక మిగిలింది ఆటో. మా అవ్వను కంటి డాక్టరు దగ్గరికి అలాగే తీసుకెళ్లాను. నిండితే గానీ కదలదు, ఎండలో అరగంట కూర్చున్నాం. వెనక చెక్క మీద కూర్చుంటే ఆమె మోకాలు ముడుచుకోలేదు, కాలు బయటికి చాపి, కర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. గుంత వచ్చినప్పుడల్లా నా భుజం పట్టుకునేది. "నడుము పోయింది బిడ్డా, ఇంకోసారి తోల్కరాకు" అంది. మేం చేరేసరికి ఓపీ అయిపోయింది. ఆటోవాళ్లను తప్పుపట్టలేం. ఉచిత బస్సు తిరిగే రోడ్ల మీద వాళ్ల గిరాకీ పడిపోయింది, కిరాయికి తగ్గ మనుషులు ఎక్కేదాకా ఆగకపోతే డీజిల్ ఖర్చూ రాదు.

రూ.2,016 పింఛన్‌తో బతికే మనిషి ఒంటరిగా ఆటో మాట్లాడుకోవాలంటే మందులకు ఏం మిగులుతుంది?

పరకాల వైపు ఒక ఊరివాళ్లు రాసుకున్న వినతిపత్రం చూశాను. కొత్త బస్సు అడగలేదు. రాత్రి ఎనిమిదింటికి వచ్చి పొద్దున ఆరింటికి పోయే పాత బస్సునే అడిగారు. డ్రైవరు, కండక్టరు పడుకోవడానికి పంచాయతీ గది శుభ్రం చేసి ఇస్తామని, ఫ్యాను పెట్టిస్తామని, రాత్రి అన్నం ఊరివాళ్లే చూసుకుంటారని కింద రాశారు. సంతకాలు తక్కువ, వేలిముద్రలే ఎక్కువ.